ఖాలీ అని చెప్పిన డిస్కు

మేడ్చల్ బస్టాండు వెనక వీడియో మిక్సింగ్ దుకాణం నడిపే లింగస్వామికి భయం తోడబుట్టింది. శామీర్‌పేట నుంచి కీసర దాకా ఆయన తీయని పెళ్లి లేదు. అయినా తాళి కట్టే వేళకి బ్యాటరీ ఎక్కడ అయిపోతుందోనని ప్రతి పెళ్లిలోనూ వణికేవాడు. పెళ్లికొడుకుల చేతులు కూడా అంత వణికేవి కావు.

అలాంటివాడు ధైర్యం చేసి కంప్యూటర్ కొన్నాడు. క్యాసెట్‌లో తీసిన పెళ్లిని అందులోకి ఎక్కించి, పాటలు కలిపి, వధూవరుల మీద పూలవాన కురిపించి ఇచ్చేవాడు. ఎక్కించాక అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీసేవాడు. ఆ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే అది. ముహూర్తాలు ముదిరేసరికి డిస్కు నిండిపోయింది. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి రెండో డిస్కు తెచ్చి, ఆ పొద్దున తనే బిగించాడు.

ఆన్ చేసి చూశాడు. పెళ్లిళ్లన్నీ దాచుకునేది డి డ్రైవులో. దానికి ‘పెళ్లిళ్లు’ అని తనే పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు డి పక్కన ఆ పేరు లేదు. ఇంగ్లిషు అక్షరాల్లో ‘ఖాలీ’ అని ఉంది. తెరిచి చూస్తే నిజంగానే ఖాలీ.

సరిగ్గా అప్పుడే వజ్రమ్మ, కూతురు దీపను వెంటబెట్టుకుని వచ్చింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే గాలయ్య భార్య ఆమె. దీప పెళ్లి వీడియో తీసింది లింగస్వామే. ఆ పందిట్లో ఆకులు ఎండకముందే గాలయ్య నిద్రలో కన్నుమూశాడు.

“తమ్మీ, రేపు ఆయన దినం. ఫొటో పెట్టాలె. ఇంట్ల రేషన్ కార్డు మీదిదే ఉన్నది, గండ్ల ముఖమే కనవడ్తలేదు. పెండ్లి వీడియోలకెల్లి ఒక్కటి తీసియ్యి” అంది వజ్రమ్మ.

“ఫొటోలు ఎందుకు, వీడియో సాలు అన్నడు మా బాపు” అంది దీప తలవంచుకుని.

ఆ పెళ్లి క్యాసెట్ మీద అప్పటికే లాల్‌గడి మలక్‌పేట్‌లో రియల్ ఎస్టేట్ ప్రతాప్ గారి ప్లాట్ల ప్రారంభోత్సవం ఎక్కింది. గాలయ్య స్థానంలో రిబ్బను కత్తిరింపు ఉంది. డిస్కులో కూడా పోతే ఆ మనిషి ఇక ఎక్కడా లేనట్టే.

“కూసో అక్కా, జరసేపు పడ్తది” అన్నాడు.

డి మూశాడు, మళ్లీ తెరిచాడు. ఖాలీ. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. ఖాలీ. వైరస్ తినేసిందేమో అనుకున్నాడు. కీసర స్వామికి కొబ్బరికాయ మొక్కాడు. సి డ్రైవంతా జల్లెడ పట్టాడు. ‘ఈ’ అక్షరం ఎప్పుడూ సీడీలదే కనుక అటు చూడనే లేదు.

“గట్ల సెమటలు వడ్తున్నయేంది తమ్మీ?”

“ఉక్కపోత, అక్కా.” పైన ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది.

చివరికి ఒకటే తోచింది. పొద్దున బిగించకముందు అంతా బాగానే ఉంది కదా. డబ్బా విప్పి కొత్త డిస్కు తీగ పీకేసి, మళ్లీ ఆన్ చేశాడు. డి పక్కన ‘పెళ్లిళ్లు’ ప్రత్యక్షమైంది. ఆయనకి ఏడుపు ఒక్కటే తక్కువ.

తీగ మళ్లీ పెట్టి ఈసారి ‘ఈ’ తెరిచాడు. పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. డిస్కు అమ్మినవాడు, అందులో ఏమీ లేదని తెలియడానికి దానికి ఖాలీ అని పేరు పెట్టాడంతే. అదొచ్చి డి స్థానంలో కూర్చుంటే పాతది ఒక అక్షరం కిందికి జరిగింది. కొత్తల్లుడు వస్తే ఇంటాయన మంచం వసారాలోకి పోయినట్టు.

దీప పెళ్లి తెర మీద నడిచింది. ఈసారి ఇంకో భయం పట్టుకుంది లింగస్వామికి. గాలయ్య ముఖం ఎక్కడా లేదు. కెమెరా అటు తిరిగిన ప్రతిసారీ ఆయన ఇంకెటో పరుగెత్తుతున్నాడు. అప్పగింతల్లో ఎదురుగా దొరికాడు గానీ, తువ్వాలతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు.

“ఎన్కకు తిప్పు తమ్మీ” అంది వజ్రమ్మ. “గదిగో, నీళ్ల బకీటు పట్కపోతుండు సూడు. గది తియ్యి.”

“గండ్ల ముఖం లేదక్కా, ఈపే ఉన్నది.”

“ముఖం నాకు యాదికున్నది. తెల్లారితే వల భుజానేసుకొని శెర్వుకు వొయ్యేటోడు. నేను దినాం జూసింది గా ఈపునే.”

మర్నాడు బంతిపూల దండ వేసి ఆ వీపు ఫొటోనే పెట్టారు. ఎవరేమంటారోనని లింగస్వామి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వచ్చిన చుట్టాల్లో ఫొటోలో ఉన్నది ఎవరని ఒక్కరూ అడగలేదు.