ఒకటి రెండు చోట్ల

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు, మా అక్క కల్లంలో ఆరబోసిన పసుపు మీద ఇరవై నిమిషాలు వాన పడింది. ఆ సమయానికి అక్క బోధన్‌లో కళ్ల డాక్టరు దగ్గర ఉంది. కళ్లలో చుక్కల మందు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారట. బయటికి వచ్చేసరికి అక్కడ ఎండ కాస్తోంది. మందుకు చూపు మసకబారి, తన ఊరి వైపు నల్లబడిన ఆకాశం ఆమె కంటికి ఆనలేదు. ఆటో దిగి కల్లంలోకి నడిచినప్పుడు కాళ్ల కింద నీళ్లు చప్పుడయ్యాయి. అప్పుడు తెలిసింది.

పొద్దున ఆమెను పోయి రమ్మన్నది నేనే.

నేను నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో ఉంటాను. చాలా ఏళ్లుగా దినపత్రికలో పని. వాతావరణం వార్త ఎప్పుడూ నాకే వచ్చేది, ఎందుకంటే దాన్ని ఎవరూ కోరుకోరు. హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం బులెటిన్ వస్తుంది. ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మలు, అక్కడక్కడి కేంద్రాలు పంపే గాలి, తేమ, వేడి కొలతలు అన్నీ కంప్యూటర్‌లోకి పోతాయి. అది నేలను గడులుగా కోసి, ఏ గడిలో ఏం జరగవచ్చో చెబుతుంది. ఒక్కో గడిలో ఎన్నో ఊళ్లు. అందులో ఏ ఊరి మీద అన్నది దానికి కూడా తెలియదు. అందుకే బులెటిన్‌లో మాటలకు కొలత ఉంటుంది. ‘చాలా చోట్ల’ వేరు, ‘కొన్ని చోట్ల’ వేరు. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చని.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. అయినా పేజీలో జాగా చాలనప్పుడు ముందు తీసేసే వాక్యం అదే. ‘జిల్లాలో ఒకటి రెండు చోట్ల జల్లులు’ అంటే చదివేవాడికి ఏమీ చెప్పనట్టే కదా అనుకునేవాళ్లం. ఎన్నిసార్లు కొట్టేశానో లెక్క లేదు. ఆ వాక్యం ఏదని ఎవరూ అడగలేదు.

అక్క వాళ్లది బోధన్ రోడ్డు మీద ఊరు. ఒకప్పుడు అంతా చెరుకే. చెరుకుకు మార్చి వానంటే భయం లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక బావ వరిలోకి, ఆ తర్వాత కొంత పసుపులోకి మారాడు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, రెండు మూడు వారాలు ఎండబోయాలి. ఉడికిన పసుపు కొమ్ము తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది. కప్పి ఉంచితే చెమర్చి చెడుతుంది. అందుకే రోజూ పొద్దున ఎండకు పరిచి నెరపాలా, కుప్ప మీద టార్పాలిన్ అట్లనే ఉంచాలా అన్న ప్రశ్న.

బావ పోయిన తర్వాత అక్క ఒంటరిగా తీసిన మొదటి పంట అది. భూమి కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోమని బావ తమ్ముళ్లు అన్నారు. “ఒక్క పంట నన్ను తియ్యనీయుండ్రి, ఎట్లొస్తదో సూడుండ్రి” అని వాళ్లను ఆపింది. పసుపు ఉడికిన నాటి నుంచి మబ్బు సంగతి అడుగుతూ రోజూ పొద్దున ఏడింటికి నాకు ఫోన్.

“ఏం తమ్మీ, మొగులు నీకేమన్న చెప్పిందా?”

“నాతోటి మాట్లాడదక్కా, హైదరాబాదోళ్లతోటే మాట్లాడుతది.”

“అయితే వాళ్లు చెప్పిందే చెప్పు.”

ఆ రోజు కూడా అట్లాగే నవ్వుకున్నాం. “కళ్లు సూపెట్టుకోవాలె, బోధన్ పోనా? సాయంత్రమైతది. పసుపు నెరిపి పోనా, కప్పి పోనా?” అంది.

“ఏం లేదక్కా. నెరిపి పోయిరా” అన్నాను.

మరునాడు పోయేసరికి ఆమె కల్లంలో కూర్చుని కొమ్ములను చీర కొంగుతో ఒక్కొక్కటే తుడుస్తోంది. అన్ని బస్తాల పసుపును అట్లా తుడవలేమని ఆమెకూ తెలుసు. పక్కన నిన్నటి మా పేపరు. పక్కింటాయన చదివి వినిపించాడట. దానికి ముందు రాత్రి ప్రకటన ఏదో రాక పేజీలో జాగా మిగిలింది. అందుకని నేను బులెటిన్ మొత్తం వేశాను, ఆ చివరి వాక్యంతో సహా.

“పేపర్ల రాసినవు గద తమ్మీ. నాకెందుకు చెప్పలే?”

“ఒకటి రెండు చోట్లనే అన్నరక్కా…”

“గా ఒకటి రెండిట్ల మాదొకటి గాదా?”

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. పేపరులో ఉంచిన వాక్యాన్ని నోటితో కొట్టేశాను, అలవాటు చొప్పున.

నష్టం రాయించుకుందామని మండలాఫీసుకు పోయాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ ఒక ఉద్యోగి, డబ్బాలో నిలిచిన వాన నీటిని గాజు గొట్టంలోకి వంచి, కన్ను దానికి ఆనించి చదివేవాడు. ఇప్పుడు కంచె మధ్య ఒక స్తంభం, సోలార్ పలక. వాన కొలత దానంతటదే హైదరాబాద్‌కు పోతుంది. ఆఫీసులోని కుర్రాడు ఫోన్ తెరిచి చూపించాడు.

“సున్న ఉన్నది సార్. ఈడ సినుకు పడలే. మాకు పడ్డట్టు లేకుంటే ఎట్ల రాస్తం?”

అబద్ధం కాదు. వాన ఆ స్తంభానికి ఐదు కిలోమీటర్ల అవతల పడింది. పసుపు తడిసిందని నేను రాసిన వార్తను కూడా డెస్కు వాళ్లు అదే మాటతో వెనక్కి పంపారు.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఖరీదుదారు ఒక కొమ్మును విరిచి, లోపల చూసి, ధర చెప్పకుండా మళ్లీ కుప్ప మీద పెట్టి ముందుకు పోయాడు. అక్క ఆ రెండు ముక్కలను తీసి కొంగున కట్టుకుంది. జూన్‌లో భూమి కౌలుకు పోయింది.

ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. నా బీపీ అడుగుతుంది, పిల్లల గురించి అడుగుతుంది. వాన సంగతి మాత్రం అడగదు. నేనూ ఎత్తను. ఆ మండలం వర్షపాతం పట్టికలో ఆ తేదీ ఎదుట ఇప్పటికీ సున్నానే ఉంది.