బాలింతకు ఇచ్చిన తేలిక పని

2022, ఆడి మాసం, అంటే జూలై రోజులు. కోయంబత్తూరులో పోదనూరు రైల్వే కాలనీకి వెనక ఒక మోటారు కంపెనీ ఉంది. అందులో వైండింగ్ విభాగానికి అప్పట్లో నేనే పెద్దను. మేము చేసేవి సబ్‌మెర్సిబుల్ మోటార్లు, అంటే బోరుబావిలో దించితే నీళ్ళలో మునిగే ఉండి పనిచేసేవి. నేను బడికి పోయింది మూడో తరగతి వరకే. మిగిలిన చదువంతా ఆ షెడ్డులోనే.

వైండింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. మోటారు లోపల స్టేటర్ అని గుండ్రటి ఇనుప భాగం ఉంటుంది. దాని చుట్టూ సన్నటి బెజ్జాలుంటాయి. వాటిని స్లాట్లు అంటాము. ప్లాస్టిక్ పొర ఉన్న రాగి తీగను ఆ బెజ్జాల గుండా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తోనే లాగాలి. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఈ పని చేస్తారు. తీగ పొర మీద గోటిగాటంత దెబ్బ తగిలినా లోపలికి నీళ్ళు చేరి మోటారు కాలిపోతుంది. కంబం లోయలో ద్రాక్షతోట రైతు ఎండల్లో ఆ మోటారును పైకి లాగించుకోవాలంటే ఎంత అవస్థో ఆయననే అడగాలి. అందుకే చుట్టడం అయ్యాక స్టేటర్‌ను నీళ్ళతొట్టిలో ముంచి మెగ్గర్ పెడతాము. పొర గుండా కరెంటు కారుతోందో లేదో చెప్పే పరికరం అది. ఎవరు చుట్టిన స్టేటర్‌ను వాళ్ళే తొట్టిలో ముంచాలి, వాళ్ళే తీయాలి. ఆ నియమం నేను పెట్టినదే. తప్పు తన కంటికి కనిపిస్తేనే చెయ్యి బాగుపడుతుంది.

దేవిక పెళ్ళికి ముందునుంచీ నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. నేను ఎవరినీ పొగిడే మనిషిని కాను. పొగిడితే చెయ్యి బరువెక్కుతుంది. అయినా దీపావళికి నేను పని మానుకుంటానని, నా తరువాత వైండింగ్‌కు దేవికనే పెద్దను చెయ్యమని మొదలాళితో చెప్పి ఉంచాను. మా దిక్కున యజమానిని మొదలాళి అంటాము. ఆయనా సరేనన్నాడు. ఆ తరువాతే ఆమె ప్రసవానికి సెలవు పెట్టింది.

ఆరు నెలల సెలవు ముగించుకుని ఆమె తిరిగి వచ్చిన రోజున నేను వాడిపట్టిలో చుట్టాల పెళ్ళిలో ఉన్నాను. మర్నాడు షెడ్డులోకి వస్తే దేవిక పేకింగ్ మూలన అట్టపెట్టెల మధ్య కూర్చుని లేబుళ్ళు అంటిస్తోంది. ఆమె బల్ల దగ్గర సెల్వి అనే కొత్త పిల్ల ఉంది.

ఇదేమిటని మొదలాళిని అడిగాను. ఆయన చెడ్డవాడు కాడు. తనేదో మంచి చేశాననే అనుకుంటున్నాడు. వాళ్ళమ్మ చెప్పిందట, పచ్చి ఒళ్ళుతో చన్నీళ్ళలో చెయ్యి పెడితే పాలు తాగే బిడ్డకు శీతం చేస్తుందని. వైండింగ్‌లో ఉంటే తొట్టిలో చెయ్యి పెట్టక తప్పదు కాబట్టి పేకింగ్‌కు మార్చాడట.

"జీతం తగ్గించలేదక్కా, పనీ తేలిక. ఇంకేమి కావాల ఆ యమ్మకు?" అన్నాడు.

నాకూ మొదట ఆ మాట సబబుగానే తోచింది. నా కాలంలో బిడ్డను కన్నదానికి సెలవు ఎక్కడిది, తేలిక పని ఎక్కడిది? మధ్యాహ్నం సద్ది విప్పే వేళ దేవిక అందరితో కలవకుండా పెట్టెల చాటున కూర్చుంది. దగ్గరికి పోయి, జీతం వస్తోంది కదా, కొన్నాళ్ళు ఓర్చుకో అని చెప్పాను.

ఆమె అన్నం ముద్ద గిన్నెలోనే వదిలేసింది. "దీపావళికి నువ్వు పని మానుకుంటే ఆ బల్లలకు పెద్ద ఎవరవ్వా? పెట్టెలు కట్టేదాన్ని పిలిచి పెద్దను చేస్తారా?"

చెయ్యరు. పేకింగ్‌లో కుదురుకున్న మనిషిని వైండింగ్‌కు పెద్దగా పెడితే తక్కినవాళ్ళు మాట వినరు.

లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వమని, చట్టం నీ వైపే ఉందని దేవికకు వాళ్ళన్న చెప్పాడట. ఇస్తే బల్ల రావచ్చు, కానీ తరువాత పెద్దమ్మ ముఖం ఎట్లా చూడాలని దేవిక బాధ. పెద్దమ్మ అంటే మొదలాళి తల్లి. అమ్మ లేని ఈ పిల్లకు సీమంతం నాడు దగ్గరుండి గాజులు తొడిగింది ఆమే.

పెద్దమ్మ శుక్రవారం శుక్రవారం షెడ్డుకు వచ్చి యంత్రాలకు కర్పూరం చూపిస్తుంది. ఆమె మాటకు అక్కడ ఎదురు లేదు. ఆ శుక్రవారం హారతి అయ్యాక దేవికను వెంటబెట్టుకుని పోయి, ఈ పిల్లను తన బల్లకు పంపించమని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ముగ్గుర్ని కన్నదానివి, నీకూ తెలియదా అంది. ఆ తరువాత దేవిక వైపు తిరిగింది.

"ఏమే, బావిలో చేద వేసినావా నువ్వు?"

అప్పుడు అర్థమయింది నాకు, ముడి ఎక్కడ పడిందో. మా ఇళ్ళలో పురుడు వెళ్ళాక బాలింత చేత బావికి పసుపు కుంకుమ పెట్టించి, చేద వేయించి నీళ్ళు తోడిస్తారు. అంతవరకే ఆమె నీళ్ళు ముట్టకూడదు. చేద వేశాక ఆంక్ష లేదు. దేవిక కాపురం వరస ఇళ్ళలో. అక్కడ అందరికీ కొళాయే. బావీ లేదు, చేయించే తల్లీ లేదు. అందుకే ఆరు నెలలైనా పెద్దమ్మ లెక్కలో ఈమె ఇంకా పచ్చి బాలింతే. కొడుక్కు ఆ మాట వైద్యంలాగా వినబడింది. దేవికకు శిక్షలాగా వినబడింది.

దేవిక తల వంచుకునే చెప్పింది. "మా ఇంట బావి లేదు పెద్దమ్మా. చెయ్యమని చెప్పేదానికి అమ్మా లేదు. కానీ దినమూ కొళాయి కింద బిడ్డ గుడ్డలు పిండుతానే ఉండాను. ఆ నీళ్ళకు పట్టని శీతం ఈ తొట్టి నీళ్ళకు పడుతుందా?"

పెద్దమ్మ ముఖం ముడుచుకుంది. ఎదురు చెప్పించుకునే అలవాటు ఆమెకు లేదు. ఇప్పుడు మాట తెగితే మళ్ళీ అతకదని నేను కలగజేసుకున్నాను. ఆ చేదేదో ఇక్కడే వేయిద్దాం, తొట్టిలో ఉన్నదీ నీళ్ళే కదా అన్నాను.

"బోరునీళ్ళేనా ఇవి?" అంది పెద్దమ్మ.

"ఆమా, మన బోరువే" అని తల ఊపాను.

ఆమె తొట్టిలోకి తొంగి చూసింది. "అట్లయితే గంగే" అని, హారతి పళ్ళెంలో ఉన్న పసుపు తానే తీసి దేవిక చేతిలో పెట్టింది.

తొట్టి సిమెంటు గట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆకు వక్క ఉంచాము. దేవిక కొంగు నడుముకు చెక్కుకుని ప్లాస్టిక్ బకెట్టుతో నీళ్ళు తోడింది. తీగలు వదిలేసి అందరూ చూస్తున్నారు. సెల్వి కుంకుమ అందించింది. మొదలాళి ఏమి చెయ్యాలో తెలియక చెప్పులు విడిచి పక్కన నిలుచున్నాడు. తోడిన నీళ్ళు పారబోస్తుంటే వద్దని మళ్ళీ తొట్టిలోనే పోయించాను. ఎండల్లో ఆ బోరు ఎంత ఇస్తుందో నాకు తెలుసు.

పెద్దమ్మ వెళుతూ వెళుతూ కొడుకుతో ఒకటే మాట అంది, "ఆ యమ్మ బల్ల ఆ యమ్మకు ఇచ్చేయ్."

ఆ మధ్యాహ్నమే సెల్వి పక్క బల్లకు జరిగింది, దేవిక తన బల్ల దగ్గర కూర్చుంది. చుట్టిన మొదటి స్టేటర్ పరీక్షలో పోయింది. ఆరు నెలలు తీగ పట్టని చెయ్యి మరి. ఎవరో కిసుక్కుమంటే నేను అటు చూశాను, అంతే. ఆమె స్టేటర్‌ను తొట్టిలోంచి తీసి, గీత పడిన చోటు తానే వెతికి, తీగంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. రెండోది నిలిచింది. దీపావళికి నేను పక్కకు తప్పుకున్నాను, ఆమె పెద్ద అయింది. ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులు పోయి, కొత్తవాళ్ళకు తీగ పట్టడం మాత్రం నేర్పుతున్నాను.

మరుసటి ఏడు సెల్వి కాన్పుకు పోయి తిరిగి వచ్చింది. ఆ రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. నా చేతిలో ఉంటే ఆమెను నేరుగా బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉందును. దేవిక విషయంలో అదే న్యాయమయింది కాబట్టి అందరికీ అదే న్యాయమని నా లెక్క. దేవిక మాత్రం ఆమెకు టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఏ పని చేయాలని ఉందని అడిగింది. సెల్వికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. వంగి కూర్చుంటే కుట్ల దగ్గర లాగుతోందట. కొన్నాళ్ళు పెట్టెలే కడతానంది.

ఒకరికి శిక్ష అయిన పనే ఇంకొకరికి ఊరట అయింది. ఏది తేలిక, ఏది కష్టమని పక్కనున్నవాళ్ళం తేల్చి చేతిలో పెట్టకూడదు. చేసే మనిషిని అడగాలి. మొదలాళి అడగలేదు, పెద్దమ్మ అడగలేదు, నేనూ అడిగి ఉండను. అడిగింది దేవిక ఒక్కతే. అడిగి ఊరుకోలేదు కూడా. సెల్వి పేకింగ్ వైపు లేవబోతుంటే చెయ్యి పట్టుకుని చెప్పింది.

"బల్ల నీదే. ఎప్పుడొచ్చి కూర్చుంటావో నువ్వే చెప్పు."