వేలు ఆగిన చోటు

నా కూతురు డిగ్రీలో చదివే సబ్జెక్టు పేరు పలకడానికి నాకు చాలాకాలం నోరు తిరగలేదు. స్టాటిస్టిక్స్. ఊళ్లో ఎవరైనా అడిగితే లెక్కల చదువు అని చెప్పి తప్పించుకునేదాన్ని. అప్పటికి నాకు అక్షరాలు రావు, వేలిముద్ర మనిషిని. పాప సెలవులకు వచ్చి పుస్తకం ముందు వేసుకుని కూర్చుంటే, నేను చేటలో బియ్యం ఏరుకుంటూ ఆ పేజీల వైపు చూసేదాన్ని. మా పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ అంత పెద్ద పుస్తకం తెరిచిన ఆడపిల్ల లేదు. దాన్ని లేపి నీళ్లు తెమ్మనడానికి కూడా నాకు మనసొప్పేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ బుక్కులో ఏముంటాదే?"

"అన్నం ఉడికిందో లేదో ఎట్ల చూస్తావుమా?" అంది.

"మెతుకు పట్టి చూస్తా."

"అదే మా చదువు. ఏ మెతుకు పట్టల్ల, ఎన్ని మెతుకులు పట్టల్ల అని."

"దానికి మూడేండ్లు కావల్లనా? నన్నడిగితే ఒక్క పూటలో చెప్పనా!" అన్నాను. అది పుస్తకం మూసి మరీ నవ్వింది. ఆ చదువు గురించి మేమిద్దరం కలిసి నవ్వుకున్నది అదొక్కసారే.

మా ఊరు ముదిగుబ్బకు దగ్గర. పాప అనంతపురంలో హాస్టల్ సీటు దొరక్క, ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి గది తీసుకుని కాలేజీకి పోయేది. బియ్యం, వేరుశనగ బుడ్డలు, ఊరగాయ మా ఇంటి నుంచి బస్సులో పోయేవి. గది బాడుగ మా చేను ఇవ్వాలి. చేను వాన మీద ఉంది.

పాపకు డిగ్రీ మూడో ఏడు పడిన సంవత్సరం, తొలి వానకే అందరం వేరుశనగ విత్తనం వేశాం. మొలక బాగా లేచింది. తర్వాత మబ్బు వచ్చేది, గాలి వచ్చేది, వాన వచ్చేది కాదు. ఊడ దిగి కాయ పట్టే వేళకు చెట్లు వాడిపోయాయి. మా చేను పొడుగాటిది. పైన మిట్ట, కిందికి వస్తే వాన నీళ్లు పారే వంక. మిట్ట మీద చెట్టు పీకితే వేళ్లకు మట్టి తప్ప ఏమీ లేదు. వంక పక్క మూల మాత్రం కొద్దిగా తేమ నిలిచి ఆకు పచ్చగా ఉండేది. ఆ మూల ఎంత? మా గొర్రెల మంద పడుకుంటే నిండిపోయేంత.

"ఇన్సూరెన్సు వస్తే పాప పరీక్షలు అయ్యేదాకా ఎట్లో ఈడ్చుకొద్దాం," అన్నాడు మా ఆయన. "రాకపోతే ముగ్గురమూ బెంగుళూరికి కూలికి పోదాం. గది ఇడిచిపెట్టాల్సిందే." మాటలు తక్కువ మనిషి. ఆయన అంత చెప్పాడంటే, అంతకు ముందు చాలా రోజులు మనసులో తిప్పుకుని ఉంటాడు. పాప తలూపింది. పరీక్షలు రాస్తుందా లేదా అన్నది ఆ ఇన్సూరెన్సు మీద నిలబడిందని మా ముగ్గురికీ తెలుసు.

పంట ఎంత పోయిందో తేల్చడానికి ఊళ్లో ఒక చేను ఎంచి, అందులో ఒక తావు కొలిచి, అక్కడి చెట్లు పీకి కాయలు తూస్తారు. ఆ తూకాన్ని బట్టే అందరికీ ఇన్సూరెన్సు వచ్చేదీ రానిదీ. కటింగ్ అంటారు మావాళ్లు. ఆ ఏడు మా చేను నంబరే పైనుంచి వచ్చింది. దసరా సెలవులు, పాప ఇంట్లోనే ఉంది. ఆఫీసరు మోటారు సైకిల్ మీద తాడు, గూటాలు, త్రాసు కట్టుకుని వచ్చాడు. సగం ఊరు మా చేను గట్టున నిలబడింది.

పక్క చేను పెద్దాయన నాకు మామ వరస. పాపను అడిగాడు. "ఏం తల్లీ, ఈ సారు ఏం జేస్తాడంట?"

"ఊర్లో చేన్లన్నీ పీకి తూయలేరు గదా తాతా. ఎవురి చెయ్యీ లేకుండా ఒక చోటు తీస్తారు. రైతును అడిగితే ఎండిందే చూపిస్తాడు, ఇన్సూరెన్సు వాళ్లను అడిగితే పండిందే చూపిస్తారు. అట్ల కాకుండా."

"చీటీ తీసినట్ల."

"ఆ, అట్లనే."

"తీయనీలే. యాడ తీసినా ఎండిందే గదా. మన కరువును దాయాలంటే ఆ దేవుని చేత గూడా కాదు," అన్నాడు. గట్టున ఉన్నవాళ్లంతా నవ్వారు. అందరికీ ధైర్యంగా ఉంది. నాకూ ఉంది.

ఆ మాటలు విన్న ఆఫీసరు పాప వైపు తిరిగాడు. "ఏం చదువుతున్నావమ్మా?"

"డిగ్రీ సార్. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్."

ఎండకు కమిలిన ఆయన ముఖం విప్పారింది. "అయితే మావాళ్ల అమ్మాయివే! నేనూ అదే చదివి ఈ ఎండల్లో పడ్డాను," అని తన సంచిలోంచి చిన్న పుస్తకం తీశాడు. పేజీ నిండా అంకెలు, బెల్లం మీద చీమల్లా. పాప అది చూసి చిన్నపిల్లలా నా చేయి పట్టుకుంది. "మా, ఈ పట్టిక మా బుక్కు వెనకాల ఉండాది! ఇదే!" కాలేజీలో చదివిన విషయం మా చేను గట్టుకు నడిచి వచ్చినట్టు మురిసిపోయింది.

"చేను ఏదో పైనుంచే వచ్చింది. చేను లోపల ఎక్కడ అనేది ఈ అంకెలే చెప్తాయి," అన్నాడు ఆయన. "రా, నువ్వే వేలు పెట్టు. కళ్లు మూసుకో."

పాప చేతులు పావడాకు తుడుచుకుని కళ్లు మూసుకుంది. కళ్లకు గంతలు కట్టి ఆడే ఆటలో లాగా మొహం పైకెత్తి, వేలు గాల్లో ఒకసారి తిప్పి పేజీ మీద ఆనించింది. దాన్ని చూసి నాకు గర్వంగా ఉండింది. మా ఊళ్లో ఇంకెవరి బిడ్డకు ఆ పుస్తకం అందిస్తాడు ఏ ఆఫీసరైనా?

ఆయన ఆ అంకెలు చదువుకుని, అన్ని అడుగులు లెక్కపెడుతూ చేను మూల నుంచి పొడుగునా నడిచాడు. మేమంతా వెనకాలే. మిట్ట దాటాడు. ఇంకా నడుస్తున్నాడు. తర్వాత అడ్డంగా తిరిగాడు. ఆయన ఆగకముందే నాకు తెలిసిపోయింది. కాలి కింద మట్టి మెత్తబడుతోంది.

వంక పక్క మూలలో గూటం దిగింది.

పెద్దాయన గూటం దగ్గరికి వచ్చాడు. "సార్, ఇది వంక తావు. ఇది చేన్లో లెక్క గాదు. మిట్టకు రాండి."

ఆఫీసరు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మా వైపు చూడలేక కాబోలు, పాప వైపు చూశాడు. "నువ్వే చెప్పమ్మా. మార్చవచ్చా?"

హాస్యానికి అడిగాడో, తోడు కోసం అడిగాడో, అది ఊ అంటే నిజంగానే గూటం పెరికేవాడో, ఇన్నేళ్లైనా నాకు తెలియదు. పాప నా వైపు చూసింది. బడి ముఖం చూడని నేను దానికి ఏమి చెప్పగలను? నా కళ్ల ముందు అనంతపురం గది, గోడకు దండెం మీద దాని పావడాలు కనబడ్డాయి. మార్చమని చెప్పు తల్లీ అనాలనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన గూటం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"మార్చకూడదు సార్," అంది పాప. దగ్గరున్నవాళ్లకు మాత్రమే వినబడింది.

"ఏమి? ఎందుకు మార్చకూడదు?" అన్నాడు పెద్దాయన.

"మారిస్తే అది ఇంక లెక్క కాదు తాతా."

"కాకుంటే పాయ! లెక్క తిని బతుకుతామా?"

తాడు కట్టారు, చెట్లు పీకారు. ఇంకో ఏడైతే ఆ కాయలు చూసి పొంగిపోయేదాన్ని. గుత్తులు గుత్తులుగా, గట్టిగా ఉన్నాయి. మిట్ట మీద చెట్టుకు ఒక్క కాయ లేదు, ఇక్కడ కాయ కాసింది. త్రాసు కిందికి దిగినప్పుడల్లా ఎవరో ఒకరు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. చివరికి ఆఫీసరు, మేము ముగ్గురం మిగిలాం. ఆయన పోతూ పోతూ, "బాగా చదువుకోమ్మా," అన్నాడు పాపతో. చెడ్డవాడు కాదు.

మర్నాడు కొళాయి దగ్గర నా బిందె పక్కకు జరిపారు. మా వీధిలోనే ఉండే ఒక అక్క, "కండ్లు మూసుకోని గూడా బలే గురి చూసి కొట్టింది మీ పాప. మా నోట్లో మన్ను," అంది.

"మాది గూడా పోయింది గదక్కా."

"మీదీ పోయింది. అదే నాకు నవ్వొచ్చేది. మంది నోట్లో మన్ను కొట్టే చదువు యాడైనా ఉంటాది. తన నోట్లో తానే కొట్టుకునే చదువు మీ ఇంట్లోనే చూసినా."

నీళ్లు పట్టుకోకుండానే వచ్చేశాను.

ఆ ఏడు మా మండలానికి ఇన్సూరెన్సు రాలేదు. మా చేని వల్లే రాలేదని ఊరు తీర్మానించుకుంది. ఆ మాట ఇంట్లో చెప్తే పాప అడ్డంగా తలూపింది. "మనదొకటే కాదుమా. వేరే ఊర్లల్లో గూడా కోసినారు. అన్నీ కలిపి సగటు తీస్తారు. మనది మిట్ట మీద పడినా వచ్చేది కాదేమో. వచ్చేదేమో."

"ఆ మాటే పోయి వాళ్లకు చెప్పు."

"ఎట్ల చెప్పేది? తక్కిన ఊర్ల లెక్కలు నాకు తెలీవు. తెలీకుండా చెప్పకూడదు."

మూడో ఏడు చదువుతున్న బిడ్డ తన తప్పు ఉందో లేదో కూడా తేల్చుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. నేను దాని తల నిమిరాను. నాకు చేతనైంది అదే.

మా ఆయన దాన్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. గొర్రెలను అమ్మేసి, అనంతపురం పోయి, గదిలోంచి దాని పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పండగ ముందే బెంగుళూరు బస్సెక్కాం. కట్టడం పక్కన రేకుల గుడిసె. ఆయన కంకర మోసేవాడు, నేను ఇసుక జల్లెడ పట్టేదాన్ని, పాప ఇటుకలు అందించేది. దాని వేళ్లు పగిలాయి. తెచ్చుకున్న ఒక్క పుస్తకం బియ్యం డబ్బా మీద ఉండేది. మొదట్లో తెరిచేది. తర్వాత దుమ్ము దులిపి పెట్టేది.

ఒక ఆదివారం నన్ను పిలిచి బొగ్గు ముక్కతో గుడిసె రేకు మీద 'అ' రాసింది. "నా చదువెట్లా పాయ. నువ్వన్నా దిద్దుమా," అంది. ఆట పట్టిస్తోందనుకున్నాను. కాదు. దానికి ఎవరికైనా ఏదైనా చెప్పాలనుంది. నేను నలభై ఏళ్లు దాటాక అక్షరాలు దిద్దాను. ఒత్తులు రాకపోతే కసిరేది, వస్తే కసరడం మర్చిపోయేది. నాకొక అక్షరం వచ్చినప్పుడల్లా, దాని చదువు ఆగబట్టి గదా ఇది వచ్చింది అనిపించేది. అయినా దిద్దేదాన్ని. మానేస్తే అది ఇంకేమి చేస్తుంది?

కూడబలుక్కోవడం వచ్చాక ఒకరోజు అది పనిలో ఉండగా బియ్యం డబ్బా మీది పుస్తకం తెరిచాను. యా... దృ... చ్ఛి... క. ఆ ఒక్క మాటకే చెమట పట్టింది. ఆ పేజీలో ప్రతి అక్షరమూ పలికాను. ఒక్క వాక్యమూ అర్థం కాలేదు. అన్నాళ్లూ నాకూ నా బిడ్డ చదువుకూ మధ్య ఉన్న గోడ అక్షరాలే అనుకున్నాను. అది దాటితే లోపల ఇంకో గోడ ఉంది.

అది వచ్చాక అడిగాను. "యాదృచ్ఛికం అంటే ఏమే?"

ఇటుక దుమ్ము కడుక్కుంటూ చెప్పింది. "మన చేన్లో నేను వేలు పెట్టినా చూడు. అది."

తర్వాత ఒక మంచి వాన ఏడు వచ్చి ఊరికి తిరిగి వచ్చాం. ఊళ్లో పలకరింపులు మళ్లీ మొదలయ్యాయి గానీ కటింగ్ అన్న మాట మా ముందు ఎవరూ ఎత్తేవారు కాదు. పాప మిగిలిపోయిన పేపర్లకు ఫీజు కట్టింది. తోటి పిల్లలంతా ఎప్పుడో పాసై వెళ్లిపోయారు, తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చుని రాసింది. పాసైంది. గొప్ప మార్కులేమీ కావు. మా ఇంట్లో డిగ్రీ ఉందని ఇప్పుడు చెప్పగలను, సబ్జెక్టు పేరు కూడా పలకగలను.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఫలితం కాదు, చివరి పేపరు రాసిన రోజు. తోడుగా నేనూ పోయాను. కాలేజీ బయట వేపచెట్టు కింద, దుకాణాల మీది పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను. అది బయటికి వచ్చి, "రాసినా, పోదాం పా," అంది. బస్సు బత్తలపల్లి దాటింది. బయట ఎర్ర చేన్లు, కొన్నింట్లో పైరు, కొన్నింట్లో ఏమీ లేదు.

"పంట కోత ప్రశ్న వచ్చిందిమా," అంది కిటికీ వైపు తిరిగే. "చేన్లో చోటు ఎట్ల ఎంచాల్ల అని."

"రాసినావా?"

"రాసినా."

"ఏమని?"

"పుస్తకంలో ఉన్నట్లే."

కొంచెం దూరం పోయాక మళ్లీ అడిగాను. "మరి వంక పక్కన పడితే?"

"అది అడగలేదుమా," అంది.