మేడగదిలో మధ్యాహ్నం

బస్సు నడిపినన్నాళ్లూ ఆయన ముందు గతుకు ఉందంటే చాలు, అల్లంత దూరం నుంచే వేగం తగ్గించేవాడు. అందుకే వీధివాళ్లు బ్రేకు తాత అని పేరు పెట్టారు. ఉద్యోగం అయిపోయాక ఆ జాగ్రత్తంతా మేడమీది పడకగది మీద పెట్టాడు.

ఆ గదిలోనే ఆయన భార్య పోయింది. ఆయన ఉద్యోగం చివరి ఏడాది నడివేసవిలో, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. జ్వరంతో పడుకున్న మనిషి ఆ ఉక్కలో మరి లేవలేదు. ఆయన బస్సు మీద ఉన్నాడు, కూతురు జిరాక్సు షాపులో ఉంది. సాయంత్రం వచ్చి చూసేసరికి మంచం ఇనప కమ్మీలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

అప్పటినుంచి ఎండలు ముదరకముందే డాబాకు సున్నం పూసేవాడు. తెల్లవారుతూనే కిటికీలు తెరిచి, ఎండ గోడ ఎక్కకముందే మూసి, బయటివైపు ముతక దుప్పట్లు తడిపి కట్టేవాడు. పొద్దు వాలాక డాబా మీద నీళ్లు కుమ్మరించేవాడు. ఇంతా చేసి ఆ గదిలో పడుకునేవాళ్లే లేరు.

"ఆ గదికి జలుబు చేస్తుంది నాన్నా," అని కూతురు విసుక్కునేది.

"గోడలు నెర్రెలిస్తాయమ్మా," అనేవాడు.

అసలు సంగతి వేరు. మధ్యాహ్నం ఒంటరిగా కింద కూర్చుంటే పైన మంచం కిర్రుమనేది. ఉక్కకు నిద్రపట్టని మనిషి అటూ ఇటూ పొర్లుతున్నట్టు ఉండేది. దుప్పట్లు ఆరేకొద్దీ చప్పుడు ఎక్కువయ్యేది. నీళ్లు చల్లి వస్తే సద్దుమణిగేది. చెబితే మతి పోయిందనుకుంటారని ఎన్నడూ నోరు మెదపలేదు.

ఒక వేసవిలో ఆయనే జ్వరంతో మంచం పట్టాడు. కూతురు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. దుప్పట్లు ఆరిపోయి ఉంటాయని తండ్రి ప్రాణం తీస్తుంటే, సణుక్కుంటూ బకెట్టు పట్టుకుని పైకి వెళ్లింది. ఎంతసేపటికీ దిగిరాలేదు. వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాన్నా, పైన మంచం..."

"కిర్రుమందా?"

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. "నీకూ వినిపిస్తుందా? మరి నాతో చెప్పవేం?"

"భయపడతావని."

"అమ్మంటే నాకు భయమేంటి?" అంది గానీ, గుమ్మం వదల్లేదు. "నీళ్లు చల్లగానే ఆగిపోయింది నాన్నా. అమ్మయ్య అనుకున్నట్టు."

ఆ రోజునుంచి కూతురు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మొదలుపెట్టింది. జ్వరం తగ్గాక ఆయనా పైకి ఎక్కేవాడు. దుప్పట్లు తడిపి, ఇద్దరూ ఆ చీకటి గదిలో నేలమీద కూర్చునేవాళ్లు. మంచం మీద మాత్రం కూర్చునేవాళ్లు కాదు.

తొలి వాన కురిసి ఊరంతా చల్లబడింది. ఆ మధ్యాహ్నం మంచం పలకలేదు. మర్నాడూ అంతే. కూతురు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"వెళ్లిపోయిందా నాన్నా?"

"వానలు కదమ్మా. హాయిగా పడుకునుంటుంది."

ఆమె లేచి, తండ్రి చేయి పట్టుకుని బయటికి నడిపించి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది.