బండి కూడా తోస్తుందన్న సారు

బాపట్లలో కూతురి దగ్గరుంటున్న మా సైన్సు సారు పోయారని, పొద్దున ఇడ్లీ వాయి దించుతుంటే తెలిసింది. పొయ్యి ఆర్పేసి బస్సెక్కాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "బతుకంతా పాఠాలే చెప్పాడు పెద్దమ్మా. పరీక్షలయ్యాక ఎవరికి గుర్తుంటాయి?" అంది. ఆ అమ్మాయి చేత మంచినీళ్లు తాగించి తిరుగు బస్సెక్కాను. కానీ ఆ మాట నేను ఒప్పుకోను. నాకు అక్షరం రాదు కాబట్టి మనవరాలి చేత ఆ అమ్మాయికి ఇది రాయిస్తున్నాను.

సారు రోజూ తెనాలిలో రైలెక్కి రేపల్లె బడికి వెళ్లేవారు. స్టేషను దగ్గర నా తోపుడు బండి మీదే టిఫిన్. ఇడ్లీని చట్నీలో ముంచేవారు కాదు, చెంచాతో పైన పోసుకునేవారు. చొక్కా మీద చుక్క పడితే పిల్లలు పాఠం మాని దాన్నే చూస్తారట.

ఒక వానాకాలం, స్టేషను ముందు ఎత్తులో బండి బురదకి ఆగిపోయింది.

"చూస్తా నిలబడ్డావేంటి సారూ, ఓ చెయ్యెయ్యి" అన్నాను.

చెయ్యేసి ఊరుకోవచ్చుగా! "నువ్వు బండిని ఎంత తోస్తే, బండీ నిన్ను అంతే తోస్తుంది పెద్దమ్మా" అన్నారు.

"అంతకంతా తోస్తే ఇంక కదిలేదెట్టా? రోజూ దీన్ని ఇక్కడిదాకా తెచ్చేది ఎవరు, నువ్వా?"

ఈలోగా రైలొచ్చింది. నవ్వుతూ వెళ్లిపోయారు. మర్నాడు ఎత్తు కిందే బండి ఆపి, ప్లేటు చేతికిచ్చి, "జవాబు చెప్పందే చట్నీ లేదు" అన్నాను.

"నీ తోపు పడేది బండి మీద. దాని తోపు పడేది నీ మీద. రెండూ ఒకదాని మీదే పడితేగా చెల్లుకు చెల్లయ్యేది."

"మరి నేను వెనక్కి పోనేం?"

"నీ కాళ్లు నేలని వెనక్కి తంతన్నాయి. నేల నిన్ను ముందుకి తోస్తంది. నిన్న బురదలో కాలికి పట్టు దొరకలా. ఇంక నేలేం తోస్తుంది?"

నమ్మలేదు. ఆయన ఎదురుగానే ఎత్తులో బురద మీద ఊక చల్లి, చెప్పులు విడిచి తోశాను. బండి కదిలింది. సారు ఒట్టి ఇడ్లీల ప్లేటుతో పక్కనే నడుస్తూ, "చట్నీ?" అన్నారు. రెండు గరిటెలు పోశాను.

కొన్నాళ్లకి, "రేపల్లెలో ఆ పాఠం నీ బండితోనే మొదలెడతన్నా" అన్నారు.

"నా సంగతి ఏం చెప్పావు?"

"చట్నీ ఆపిందని చెప్పా. అక్కడ్నించి పిల్లలు నిద్రపోడం లేదు."

అమ్మాయీ, మీ నాన్న పాఠం నా మడమలకి గుర్తుంది. ఇవాళ కూడా వాన పడింది. ఎత్తు దగ్గర చెప్పులు విడిచి, ఊక మీద కాళ్లు తన్నిపెట్టాను. నేల తోసింది. గిన్నెలు గలగలమంటూ బండి పైకెక్కింది.