ఉప్పు లేకపోతే మంచినీళ్లే

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు, చేతిలో ఫోనూ వీధిలో నీళ్ల ట్యాంకరూ రెండూ ఉన్న రోజుల్లోనే, గార్లదిన్నెలోని మా అత్తగారింట్లో ఇద్దరు కోడళ్లం ఒకేసారి కడుపుతో ఉన్నాం. పెద్దకోడలిని నేను. అయినా మా అత్త దృష్టిలో కడుపు ఒక్కటే, అది చిన్నకోడలిది. నాకున్నది అజీర్తి అన్నట్టు చూసేది. ఇంట్లోకి మామిడికాయ వస్తే ముక్కలు ఆమెకు, టెంక నాకు (ఆ టెంకల రుచి నేనింకా మరిచిపోలేదు). అట్లాంటి సమయంలో మా మరిదికి తన భార్యకు సముద్రం చూపించాలని బుద్ధి పుట్టింది. కారులో చోటు మిగిలింది కాబట్టి నన్నూ, మా ఆయననూ ఎక్కించుకున్నారు.

పోయే ముందు డాక్టరమ్మ మా ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: నీళ్లలో దిగొచ్చు, కానీ అలలు పొట్టకు తగలకూడదు, నీళ్లు శుభ్రంగా ఉండాలి. ఆ మాటను మా అత్త తీరం చేరేసరికి రెండుగా చీల్చింది. దిగడం చిన్నకోడలికి, దిగకూడదన్నది నాకు. "నువ్వు మీ గుమ్మఘట్ట బావిలో ఈత నేర్చినదానివే కదమ్మా, నీకేం కొత్త? ఈడ కూచోని చెప్పులు సూస్తాండు" అంది. ఈత వచ్చినదాన్ని ఒడ్డున కూర్చోబెట్టి, బక్కెట్టు నీళ్లకే భయపడేదాన్ని సముద్రానికి పంపే న్యాయం ఎక్కడైనా ఉందా?

తీరా చూస్తే అలలు పెద్దగా ఉన్నాయి. మా అత్త అటూ ఇటూ చూసి ఒక్కసారిగా కేకేసింది. "ఓయప్పా, వంక పారతాండాది సూడండి!" నిజమే, ఒక పక్కగా మోకాలి లోతు పాయ ఒకటి నెమ్మదిగా సముద్రంలో కలుస్తోంది. మా కరువు నేల మీద వంక పారితే ఊరంతా పోయి చూస్తుంది, మేమూ అట్లాగే నిలబడి చూశాం. అత్త వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. (కొత్త బోరు పడినప్పుడు మా ఊళ్లో జరిగే పరీక్ష అదొక్కటే.) "ఉప్పు లేదు. మంచినీళ్లే! కూచో తల్లీ, పొట్టకు సల్లగా ఉంటాది."

నా తోడికోడలు నడుముల దాకా మునిగి మహారాణిలా కూర్చుంది. నాకు లోపల భగభగమంది. మండుతున్న కళ్లతో చూశాను కాబట్టే అన్నీ కనిపించాయి: ఒడ్డున బూడిదరంగు నురగ, తేలుతూ పోతున్న షాంపూ ప్యాకెట్లు, దూరంగా అలల్లో ఆడుతున్న జనంలో ఒక్కరూ ఈ పాయ దగ్గరికి రాకపోవడం. పైగా వాసన.

"అత్తా, అవి మురుగునీళ్లు!"

"కండ్లల్లో నిప్పులు పోసుకోవద్దు మే."

"వదినా, రెండు నిమిషాలన్నా ఆమెను సుఖంగా ఉండనీ" అన్నాడు మరిది. (దారి పొడుగునా నేను సణిగిన మాట నిజమే. అయితే మాత్రం?)

"నువ్వూ రా అక్కా, శానా బాగుండాది" అంటూ ఆమె నోరు పుక్కిలించడానికి దోసిలి పట్టింది. ఇంక నేను ఆగలేదు. చెప్పులు పారేసి, నీళ్లలోకి దిగి, ఆ దోసిలి మీద ఒక్కటి కొట్టి, రెక్క పట్టుకొని బయటికి లాక్కొచ్చాను. "ఓర్వలేని ముండ, కడుపుతో ఉండేదాన్ని ఈడుస్తాండాది సూడండి!" అని అత్త గొంతెత్తింది.

మా ఆయన పాయ వెంబడి పైకి పోయి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకొని తిరిగొచ్చాడు. "అమ్మా, ఆ వెనక లాడ్జీల మరుగుదొడ్ల నీళ్లన్నీ దీంట్లోకే వదిలినారు."

అత్త తుపుక్కు తుపుక్కుమని ఉమ్మింది. ఉమ్మి ఉమ్మి అలసిపోయి, "అయినా ఉప్పు లేదు కదప్పా!" అంది.

సబ్బు అరిగేదాకా ఇద్దరం స్నానం చేశాం. ఆ ఊరి డాక్టరు చూసి, నోట్లోకి పోలేదు కాబట్టి సరిపోయింది, జ్వరం వస్తే మాత్రం వెంటనే రండి అన్నాడు. రాలేదు. ఆ ఒక్కరోజైనా నన్ను మెచ్చుకుంటారని ఎదురుచూశాను. సాయంత్రం తోడికోడలు ఇసుకలో నా పక్కన చేరి, "నేనూ దిగను అక్కా, నీకు తోడుంటా" అంది. అంతే, మా అత్త కళ్లు తుడుచుకుంది. "సూడండప్పా, అక్క కోసం సముద్రాన్నే వదులుకునింది పిల్ల!" చుట్టాలందరికీ ఈ రోజుకూ చెప్పేది ఈ ముక్కే. లాగింది ఎవరో ఎవరూ అడగరు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ సాయంత్రం తోడికోడలు నా భుజం మీద తల పెట్టి అట్లాగే నిద్రపోయింది. చేయి తిమ్మిరెక్కినా, అలల చప్పుడు వింటూ, ఆమె లేచేదాకా నేను కదల్లేదు. అది మాత్రం మా అత్త చూడలేదు. (చూడాల్సినవి ఆమె ఏనాడు చూసింది గనక.)