పసుపుచుక్క గారి అసలు పేరు

ఆ రోజుల్లో తెలుగు బ్లాగుల్లో సొంత పేరుతో రాసేవాళ్లని మేం కాస్త జాలిగా చూసేవాళ్లం. మా గుంపులో ఒకాయన 'ఆవకాయ అల్లుడు', ఇంకొకాయన 'బెంజిసర్కిల్ బాటసారి', నేనేమో 'పసుపుచుక్క'. అసలు పేరా, మారుపేరా అని నెలకోసారి పెద్ద యుద్ధం జరిగేది. "దమ్ముంటే ముసుగు తీసి మాట్లాడండి" అని బాటసారి గారు సవాలు విసిరేవారు (ఆయన విసిరేదీ ముసుగులోంచే అనుకోండి). మారుపేరు తరఫున అందరికంటే గొంతు చించుకున్నది నేనే. పేరు దాచుకుంటేనే మనిషి నిజం రాయగలడని పేరాలకు పేరాలు వాయించాను. ఆ ధైర్యమంతా పసుపుచుక్కదే తప్ప నాది కాదని అప్పటికింకా తెలీదు.

నా అసలు ఉద్యోగం గవర్నర్‌పేటలో ఒక పెళ్లికార్డుల ప్రెస్సులో డీటీపీ ఆపరేటరు. పెళ్లికార్డులో ముహూర్తం కంటే ముఖ్యమైంది అడుగున 'ఆహ్వానించువారు' అని వేసే పేర్ల వరస. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్న దగ్గర మా కళ్లముందే చుట్టరికాలు తెగిపోయేవి. ఒకసారి ఉయ్యూరు నుంచి వచ్చిన కుటుంబంలో పెళ్లికూతురి మేనమామకీ, ఆయన బావైన పెద్దమ్మ భర్తకీ మొదటి స్థానం దగ్గర పేచీ వచ్చింది. తొమ్మిది ప్రూఫులు మార్చాక, పేర్లన్నీ గుండ్రంగా చక్రంలా వేస్తే ముందూ వెనకా ఉండదని వాళ్లలోనే ఒకరు ఉపాయం చెప్పారు. వేశాం. అప్పుడు చక్రానికి పైన ఎవరుండాలని మళ్లీ మొదలైంది. ఇంత సరుకు చేతికొచ్చాక పసుపుచుక్క ఊరుకుంటుందా? పేర్లూ ఊరూ తీసేసి, ఉపాయం చెప్పినాయన్ని 'ఒక పెద్దమనిషి' అని రాసి బ్లాగులో పెట్టేసింది. దాన్ని ముందుగా మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మెషీను మేస్త్రి గారికి చదివి వినిపించాను. నేను రాసిన ప్రతిదానికీ మొదటి శ్రోత ఆయనే. పొలమారేదాకా నవ్వారు.

రెండు వారాల తర్వాత ఉయ్యూరు మేనమామ గారు చేతిలో ఒక ప్రింటు కాయితంతో ప్రెస్సులోకి అడుగుపెట్టారు. కంప్యూటరు తెర మీద తప్ప ఎప్పుడూ చూడని నా వాక్యాలు ఆ కాయితం మీద దూరం నుంచే గుర్తుపట్టాను.

"ఇది రాసినోళ్లెవరో నాకు తెలియాల. ఇక్కడ పనిచేసేవాళ్లే రాశారు. చక్రం సంగతి మా ఇంట్లోవాళ్లకీ మీకూ తప్ప ఎవరికీ తెలీదు" అన్నారాయన.

మా ఓనరు గారికి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. కాయితం చివరిదాకా చదివి, "మెషీను ఆపండి" అన్నారు. ముహూర్తాల సీజనులో ఆ మెషీను ఆగటం నేనెప్పుడూ చూళ్లేదు. పనిలో ఉన్నట్టు కనపడాలని కీబోర్డు మీద ఊరికే వేళ్లు ఆడించాను.

"మేస్త్రీ, నీదేనా ఈ పని?" అన్నారు ఓనరు గారు. "టీ కొట్టు దగ్గర కబుర్లు చెప్పేది నువ్వే. నువ్వు చెప్తే ఎవడో రాసుంటాడు."

మేస్త్రి గారు నావైపు చూడలేదు. సిరా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ తల వంచుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఆ మెషీను దగ్గరే నిలబడ్డ మనిషి.

"కస్టమరు ఇంటి గుట్టు బజార్న పెట్టేవాడు నాకక్కర్లేదు. రేపట్నుంచి రావద్దు."

ఆయన గుడ్డ మడిచి మెషీను మీద పెట్టి, గోడకున్న చొక్కా అందుకున్నారు. ఒక చెయ్యి తొడుక్కున్నారు. మారుపేరు గొప్పతనం మీద నేను రాసిన పేరాలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. రెండో చెయ్యి కూడా తొడుక్కుంటే నేనింక నోరు తెరవలేనని భయమేసింది.

"పసుపుచుక్క నేనేనండి" అన్నాను. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను, రేషను కార్డు ఆఫీసులో చెప్పినట్టు.

మేనమామ గారు నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వా అమ్మాయ్? అంతా బానే రాశావు గానీ, మరి నా పేరేదీ?"

ఎవరికీ అర్థం కాలేదు.

"ఒక పెద్దమనిషి అని రాస్తే ఎట్టా? ఆ చక్రం ఉపాయం నాది! ఈ కాయితం చూపించి ఆ పెద్దమనిషి తానేనని మా బావ ఉయ్యూరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. నా పేరెయ్యి, ఇంటిపేరుతో సహా!"

"అలాగేనండి. కానీ మీ పేరేస్తే మీ బావగారిది కూడా వెయ్యాలి కదండీ. ఎవరిది ముందు వెయ్యమంటారు?"

ఆయన కాయితం అందుకుని, దాని మీద వేలితో సున్నా చుట్టారు. "అందులో గుండ్రంగా వెయ్యటం కుదరదా?"

"కుదరదండి."

"అయితే వద్దులే, అట్టానే ఉండనీ" అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఓనరు గారు నవ్వలేదు. మేస్త్రి గారికి సారీ కూడా చెప్పలేదు, కానీ ఆ సాయంత్రం టీ ఆయనే స్వయంగా తెచ్చి మెషీను దగ్గర పెట్టారు. నాకు మాత్రం, కస్టమర్ల మీద రాస్తే ముందు తన టేబుల్ మీద పెట్టమని హుకుం జారీ అయింది. ఇంకేం రాస్తాను?

ఇప్పుడు నేను అసలు పేరుతో, ఫొటోతో సహా రాస్తున్నాను. ఎవరూ నొచ్చుకోకుండా, నాలుగు పక్కలా చూసుకుని మరీ రాస్తాను. ప్రింటు తీసి వెతుక్కుంటూ ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. మొన్న బ్యాంకులో నా పేరు రెండుసార్లు పిలిచినా నాకు వినపడలేదు. అదే, మా పాత మేస్త్రి గారు బందరు రోడ్డు అవతల నుంచి "పసుపుచుక్కా!" అని కేకేస్తే మాత్రం, ఆ ట్రాఫిక్‌లో కూడా ఆ పిచ్చిపిల్ల టక్కున వెనక్కి తిరుగుతుంది.